రాని రాజుకొక నిందాస్తుతి

మైత్రేయా, రాబోయే బుద్ధుడా! చెరసాలలో కూర్చుని రాముణ్ణి నిలదీసిన గోపన్నకు ఆ హక్కు ఉంది. గుడి కట్టించాడు, నగలు చేయించాడు, లెక్క అడిగాడు. నీకు నేనేమీ చేయించలేదు. అయినా బర్మా తూర్పు కొండల్లో నీ కోసం దీపాలు వెలిగించి, తలుపులు తీసిపెట్టి, తరతరాలుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న ఒక జాతి ఉంది. వాళ్ళు నాకు వకాల్తా ఇవ్వలేదు. వాళ్ళ తరఫున నాలుగు మాటలు అడగకుండా ఉండలేకపోతున్నాను, అంతే. తుషిత స్వర్గంలో నీ పీఠం ఎంత మెత్తనిదో నాకు తెలియదు గాని, సాల్వీన్ ఒడ్డున వెదురు గుడిసెలో నేల చాలా గట్టిది స్వామీ.

టిబెట్ మంచుమేటల్లో కన్ను తెరిచి, యునాన్ కొండల నడుములు కోసుకుంటూ, షాన్ పీఠభూమిని ఒరుసుకుంటూ వచ్చి, మౌల్మేన్ దగ్గర కడలి ఒడిలో ఒరిగిపోతుంది సాల్వీన్. వానాకాలం వచ్చిందంటే ఆ తీరాన మబ్బే కొండ, కొండే మబ్బు. పా-ఆన్ ఊరి బయట పచ్చని వరిచేల నడుమ నుంచి జ్వెగబిన్ సున్నపురాతి కొండ ఉన్నట్టుండి నిటారుగా లేస్తుంది, నెత్తిన చైత్యాన్ని మోసుకుంటూ. ఆ కొండపాదం నుంచి తూర్పున మోయ్ నది దాటి థాయ్‌లాండ్ పడమటి కనుమల దాకా, పడమట ఇరావతి డెల్టా బురదనేలల దాకా పరుచుకున్నవాళ్ళు కరెన్‌లు. స్గా కరెన్‌లు, ప్వో కరెన్‌లు, వాళ్ళ దాయాదులు మరెందరో. బయటి లోకం వాళ్ళను బైబిలు పట్టిన కొండజాతిగానే గుర్తుపెట్టుకుంది. లెక్కకు వస్తే వాళ్ళలో ఎక్కువమంది బౌద్ధులు. నీవాళ్ళు. నిన్ను అరియా అని పిలుస్తారు. పిలుస్తూనే ఉన్నారు.

వాళ్ళ దుఃఖం నీతో మొదలు కాలేదులే. ఒక పుస్తకంతో మొదలైంది.

సృష్టికర్త య్వా తన బిడ్డలకు విద్య పంచాడట. తలా ఒక పుస్తకం ఇచ్చాడట. కరెన్ అన్నకు ఆ వేళ పోడు చేలో పని ముమ్మరంగా ఉంది. అందిన పుస్తకాన్ని ఒక మొద్దు మీద పెట్టి, వంచిన నడుము ఎత్తకుండా పనిలో పడ్డాడు. వాన కురిసింది. పుస్తకం తడిసింది. పంది వచ్చి నమిలింది, కోళ్ళు వచ్చి కెలికాయి. సాయంత్రం నడుము ఎత్తి చూస్తే అక్షరం లేదు. తెల్ల తమ్ముడు మాత్రం తన బంగారు పుస్తకాన్ని గుండెకు హత్తుకుని సముద్రం దాటిపోయాడు. ఒకనాడు పడవలో తిరిగి వస్తాడు, అన్నకు ఆ పుస్తకం చేతికిస్తాడు, ఆనాడు కరెన్ బతుకు తెల్లవారుతుంది. ఊరికో తీరుగా చెబుతారు ఈ కథని. కొన్ని ఊళ్ళలో పుస్తకం తోలుది, కొన్ని ఊళ్ళలో తాటాకుది. పోయిందన్న సంగతి మాత్రం ఎక్కడా మారదు. కోడి కెలికిన జ్ఞానం కోడి ఎముకల్లోకి ఇంకిపోయిందని, కోడి ఎముక రంధ్రాల్లో పుల్లలు గుచ్చి శకునం చూసుకునే ఆచారం కూడా వాళ్ళకు ఉండేది. చదువు పోగొట్టుకున్న జాతి ఎముకల్ని చదవడం నేర్చింది.

ఇంకో కథ ఉంది. మూలపురుషుడు తో మే పా. అడవిపంది కోరతో చేసిన దువ్వెన ఆయన సొత్తు; దానితో దువ్వుకున్నవాడికి ముసలితనం రాదు. బిడ్డలనందరినీ వెంటేసుకుని మంచి నేల వెతుకుతూ ఇసుక ప్రవహించే నది దాటించాడు. దారిలో ఒకచోట ఆగి నత్తలు ఉడికించుకున్నారు. ఎంత ఉడికించినా పెంకు మెత్తబడదే! తండ్రికి ఓపిక పోయింది. మీరు తిని రండి, నేను దారిలో అరటిచెట్లు నరుక్కుంటూ పోతాను, ఆ గుర్తు పట్టుకుని రండి అన్నాడు. వీళ్ళు నత్తలతో కుస్తీ పట్టి, చివరికి లేచి చూసేసరికి నరికిన అరటి బోదెలు మళ్ళీ చిగిర్చి నిలువెత్తు పెరిగి ఉన్నాయి. అయ్యో, నాన్న ఎప్పుడో దూరం వెళ్ళిపోయాడు, ఇక అందుకోలేం అని అక్కడే చతికిలబడ్డారు. అరటి ఎంత వేగంగా చిగురిస్తుందో పాపం వాళ్ళకు తట్టలేదు. తండ్రి నిజానికి ఆ మలుపులోనే ఉన్నాడేమో!

పోయిన పుస్తకం, పోయిన తండ్రి. ఈ రెండు ఖాళీల మధ్యకు నువ్వు వచ్చి కూర్చున్నావు మైత్రేయా. మోన్‌ల బౌద్ధం పల్లపు నేలల నుంచి ప్వో కరెన్ గూడేలకు ఎక్కింది. శాక్యముని శాసనం అయిదు వేల ఏళ్ళు నిలుస్తుందని, సన్నగిల్లిపోతుందని, ఆ తర్వాత ఎప్పటికో నువ్వు దిగివస్తావని పొంగీలు, అంటే బౌద్ధ భిక్షువులు, చెప్పారు. శాస్త్రం ప్రకారం నీ రాకకు లెక్కకందని కాలం పడుతుంది. పన్ను కట్టలేక కొండెక్కినవాడి ఓర్పుకు అంత పొడుగు ఉండదు. అందుకని నీకంటే ముందు ఒక రాజు వస్తాడని నమ్మారు: చక్రవర్తి, బర్మావాళ్ళ నోట సెట్‌క్యా మిన్. వాడు దుష్టుల్ని ఊడ్చేసి నీకు దారి వేస్తాడు. బజిడా రాజు కొడుకు పేరు కూడా సెట్‌క్యా మిన్నే. సింహాసనం లాక్కున్న పినతండ్రి 1838లో అతణ్ణి చంపించాడు. చచ్చాడంటే జనం నమ్మలేదు. ఎక్కడో దాగి ఉన్నాడు, సమయం చూసి వస్తాడన్నారు. వీరభోగ వసంతరాయల కోసం చెవులు రిక్కించిన మన పల్లెలకు ఈ మాట కొత్తగా వినిపించదు.

రాజు కాబోయేవాణ్ణి బర్మాలో మిన్‌లౌంగ్ అంటారు. వాడు తయారయ్యే పద్ధతి తెలిస్తే గాని ఈ కథలో రక్తం ఎందుకు పారిందో అర్థం కాదు. ఎవరో ఒకడు మాంసం మానేస్తాడు, కల్లు మానేస్తాడు, కొండ మీద తపసి అవుతాడు. వాడి చేతి నీళ్ళు తాగితే జ్వరం తగ్గిందని ఒక ఊరు, వాడి మాట వింటే తగాదా తీరిందని ఇంకో ఊరు కదులుతాయి. జనం రాళ్ళు మోస్తారు, ఇటుక కాలుస్తారు, చైత్యం లేస్తుంది. చివరన కొనకు పూతపూసిన ఛత్రం ఎక్కించాలి. అక్కడే వస్తుంది చిక్కు. ఆ గొడుగు ఎత్తించడం రాజులకు దక్కే పుణ్యం. అడవిలో బక్కపలచని తపసి చైత్యానికి గొడుగు ఎక్కించాడంటే, తెలిసో తెలియకో తానొక రాజునని చాటినట్టే. సున్నం తడి ఆరకముందే కింది నగరం నుంచి సైనికులు బయలుదేరుతారు.

1740లో పెగూ నగరం బర్మా ఏలికల మీద తిరగబడ్డప్పుడు గద్దెనెక్కినవాడు స్మిమ్ తో బుద్ధకేతి. గ్వే కరెన్‌ల మనిషని చరిత్రకారుల్లో కొందరంటారు. ఏడేళ్ళు ఏలాడు. 1747 నాటికి రాజ్యం వేరొకరి చేతికి పోయింది. పదేళ్ళకు అలౌంగ్‌పయా వచ్చి పెగూనే బూడిద చేశాడు. ఆ బూడిద మీదుగా మోన్‌లు, కరెన్‌లు తూర్పుకు, సయాం వైపుకు పరుగు తీశారు. అటుపైన బర్మా రాజుల దండు సయాం మీదికి వెళ్ళినా, సయాం దండు ఎదురు వచ్చినా దారి కరెన్ గూడేల గుండానే. దండు వెళ్తే ధాన్యం పోతుంది, కుర్రవాళ్ళు మోతకు పోతారు. దండు తిరిగొస్తే మిగిలింది పోతుంది. ఎవరు గెలిచారన్నది వాళ్ళకు రెండు బుట్టల వడ్ల తేడా కూడా కాదు. అటువంటి చోట జనం వడ్లకంటే ముందు ఒక ధర్మరాజును కలగనడంలో వింత ఏముంది?

ఇక తెల్ల తమ్ముడు నిజంగానే పడవలో వచ్చాడు. 1824లో మొదలైన యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ తెనసెరిమ్ తీరాన్ని మింగింది. ఆ పడవల్లో మద్రాసు సైన్యపు సిపాయిలున్నారు, వాళ్ళలో మన కోస్తా జిల్లాలవాళ్ళూ ఉన్నారు. పరాయి యుద్ధంలో కూలికి మోసిన తుపాకులు. వెనకే అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. 1828లో టవాయ్ పట్టణంలో జార్జి బోర్డ్‌మన్ అనే మిషనరీ ఇంటికి అడవిలోంచి కొందరు కరెన్‌లు ఒక వృద్ధుడి వెంట నడిచి వచ్చారు. వాళ్ళ దగ్గర ఒక బుట్ట. తడి తగలకుండా గుగ్గిలం పూసిన బుట్ట. అందులో మల్లుగుడ్డ. ఒక పొర విప్పితే ఇంకో పొర, అది విప్పితే మరొకటి. అందరూ ఊపిరి బిగపట్టారు. చిట్టచివరి మడత లోపల ఒక పాత, చివికిన పుస్తకం. ఏళ్ళ కిందట ఎవరో దారిన పోయే మనిషి ఇచ్చి, దీన్ని పూజించండి అని చెప్పి పోయాడట. అప్పటినుంచి ఆ వృద్ధుడు దానికి పూజారి. ఇది మా పుస్తకమేనా అని వాళ్ళు అడగడానికి వచ్చారు. బోర్డ్‌మన్ తెరిచి చూశాడు. ఇంగ్లండు చర్చివాళ్ళు ప్రార్థనలకు వాడే పుస్తకం, కీర్తనలతో సహా, ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది.

మైత్రేయా, ఆ క్షణాన నువ్వెక్కడున్నావు? ఆ ముసలాయన కళ్ళలోకి ఒక్కసారి చూశావా? పన్నెండు తీరాల అవతల ముద్రాయంత్రంలో ఏ బెస్తవారమో ఏ పనివాడో విసుగ్గా అచ్చు వేసిన కాగితాలవి. వాటికి ఈ అడవిలో ఎన్ని పువ్వులు, ఎన్ని ఉపవాసాలు, ఎన్ని మోకరిల్లిన సంధ్యలు! ఇందులో ఉన్న దేవుణ్ణి కొలవండి, పుస్తకాన్ని కాదు అన్నాడు మిషనరీ. ముసలాయన తన పూజారి కర్రను వదిలేశాడు. అదే ఏడాది కో థా బ్యూ అనే కరెన్ బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాతి దశకంలో జోనాథన్ వేడ్ స్గా కరెన్ భాషకు బర్మా అక్షరాలతో లిపి కూర్చాడు. య్వా పేరు యెహోవాకు దగ్గరగా వినపడిందని మిషనరీలు మురిసిపోయారు. ఇశ్రాయేలులో తప్పిపోయిన గోత్రం వీళ్ళేనని కూడా కొందరు ఊహలల్లారు. బంగారు పుస్తకం దొరికిందని వేలమంది నమ్మారు. నమ్మిన ఊళ్ళకు బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, కాదనను. ఒక ఇంటి కూడు రెండు కుండల్లోకి మారింది కూడా అప్పుడే.

నమ్మనివాళ్ళు తమ పుస్తకాన్ని తామే వెతుక్కున్నారు. 1852లో బ్రిటిష్‌వాళ్ళు పెగూను కలుపుకున్నారు. 1856లో యున్‌జలిన్ కొండల్లో ఒక కరెన్ మిన్‌లౌంగ్ లేచాడు. అణచడానికి ఏళ్ళు పట్టింది. దొరల కాగితాల్లో ఇవన్నీ మూఢుల అల్లర్లు. 1885లో ఆఖరి రాజు తీబాను పల్లకీ దింపి మన రత్నగిరికి పంపాక, 1886లో ష్వేజిన్ దగ్గర ఒక పొంగీ జెండా ఎత్తాడు. అతని మీదికి తుపాకులు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో బాప్టిస్టు కరెన్‌లున్నారు. మరుసటి ఏడే స్మీటన్ అనే అధికారి వాళ్ళ రాజభక్తిని మెచ్చుకుంటూ పుస్తకం రాశాడు. అన్నదమ్ములను కొట్టినందుకు వచ్చే మెప్పు ఎంత చేదుదో వాళ్ళ మనవలకు గాని తెలిసిరాలేదు.

ఆ అలజడుల నడుమనే, 1860 ప్రాంతంలో, సాల్వీన్ పడమటి గట్టున లెకె శాఖ పుట్టింది. మన పంతుళ్ళు పిల్లల దస్తూరీ చూసి కోడి కెలికినట్టుందని చెవి మెలేస్తారు. లెకెవాళ్ళ పవిత్ర లిపి పేరే కోడిగీతల లిపి. ఆనాడు చేలో కోడి గీరిన గీతల్లో పోయిన అక్షరాలు దాగి ఉన్నాయని, వాటిని తిరిగి పట్టుకున్నామని వాళ్ళ విశ్వాసం. చూస్తే నిజంగానే కాళ్ళగోళ్ళతో మట్టిని తడిమినట్టుంటుంది: కొక్కేలు, మెలికలు, సగంలో ఆగి వెనక్కి తిరిగే వంపులు. లోకంలో ఎన్ని లిపులు రాజశాసనాల నుంచి పుట్టలేదు! ఒక నష్టం తాలూకు మచ్చను అక్షరమాలగా దిద్దుకున్న జాతిని మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ రాతతో ధర్మగ్రంథాలు రాసుకున్నారు, ఆ రాతలో పిల్లలకు పాఠం చెప్పుకున్నారు, శీలం తప్పకుండా ఉంటే అరియా తొందరగా వస్తాడని నేర్పారు.

అదే శతాబ్దంలో తెలాఖోన్ శాఖ, తలాకు అని కూడా అంటారు, ఒక తపసి పరంపరగా మొదలైంది. వాళ్ళ గురుపీఠానికి ఫూ చాయిక్ అని పేరు. ఒకరి తర్వాత ఒకరు ఆ పీఠమెక్కి నీ రాకకు కాపలా కాస్తారు. ఇప్పటికీ థాయ్‌లాండ్ తాక్ రాష్ట్రంలో, ఉంఫాంగ్ అడవుల అంచున, బర్మా సరిహద్దుకు కూతవేటు దూరంలో లెతోంగ్‌ఖు అనే ఊళ్ళో వాళ్ళను చూడవచ్చు. మగవాళ్ళు జుట్టు పెంచి ముడి వేసుకుంటారు. మత్తు ముట్టరు. పందిని పెంచరు, కోడిని పెంచరు. ఇంటి భూతాలకు, పూర్వీకుల ఆత్మలకు బలివ్వడానికే కరెన్ గడపల్లో ఆ రెంటినీ సాకేవాళ్ళు; బలి మానేశారు గనుక వాటినీ మానేశారు. అసలు కారణం అదే. అయినా పుస్తకం నమిలిన పందికీ, కెలికిన కోడికీ ఆ ఊళ్ళో గడప లేదని విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే గొంతుకు ఏదో అడ్డం పడింది.

నీ కోసం కాచుకోవడం మాకూ తెలుసు మైత్రేయా. మరిచిపోయావా? ఏడో శతాబ్దంలో మా ధాన్యకటకానికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ రాసి పెట్టాడు. భావవివేకుడనే మహాపండితుడికి ఈ దేహంతోనే నిన్ను చూడాలని పంతం. ధాన్యకటకం దక్షిణాన ఒక కొండబండ ముందు ఏళ్ళ తరబడి వజ్రపాణి మంత్రం జపించాడు. చివరికి మంత్రించిన ఆవాలు బండ మీద కొడితే రాయి నోరు తెరిచింది. చుట్టూ చేరిన జనాన్ని రమ్మన్నాడు. అది పాముల పుట్ట అని భయపడి వెనక్కి తగ్గారు. ఆరుగురే వెంట నడిచారు. రాయి మూసుకుంది. ఆ లెక్కన మా పండితుడు కృష్ణ ఒడ్డు కొండల్లో ఎక్కడో ఇంకా నీ అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టి ఉండాలి. కాని రాతి లోపల కూర్చుని ఎదురుచూడటం వేరు. అక్కడ వాన కురవదు, ఆకలి వేయదు, ఏ దండూ రాదు. పోడు చేల మధ్య, రెండు రాజ్యాల సరిహద్దు మీద, బిడ్డను వీపున కట్టుకుని ఎదురుచూడటం వేరు. నేను అడిగేది ఈ రెండోవాళ్ళ గురించి.

థాయ్ వైపు వాళ్ళకు కాస్త నీడ దొరికింది. లాన్నా ప్రాంతపు భిక్షువు క్రూబా సివిచాయ్, 1878లో పుట్టినవాడు, గుడి తర్వాత గుడి బాగుచేయిస్తూ ఊళ్ళు తిరిగాడు. కరెన్‌లు కొండలు దిగి వచ్చి ఆయన వెంట రాళ్ళు మోశారు. చియాంగ్‌మాయ్ పక్కన దోయ్ సుథేప్ కొండకు 1934–35లో జనం చేతులతోనే బాట వేయించాడు. అనుమతి లేకుండా సన్యాస దీక్షలిచ్చాడని బ్యాంకాక్ ఆయన్ను పిలిపించి నిర్బంధించింది. జనం దృష్టిలో ఆయన పుణ్యమూర్తి; రాజధాని దృష్టిలో మరో మిన్‌లౌంగ్. ఆయన శిష్యపరంపరలో క్రూబా వోంగ్ ఉన్నాడు. లంఫూన్ రాష్ట్రంలో హువాయ్ తోమ్ దగ్గర ఆయన చుట్టూ 1970లలో వేలమంది కరెన్‌లు వచ్చి ఊరు కట్టుకున్నారు. శాకాహారుల ఊరు. ఎర్రని కంకరరాయి తొలిచి మహా చైత్యం లేపారు. ఎవరూ వాళ్ళమీద దండెత్తలేదు. ఈ కథలో తుపాకీ చప్పుడు లేని పేజీ ఇదొక్కటే, అందుకే తొందరగా తిప్పేస్తున్నాను. సుఖం గురించి రాయడానికి నాకు మాటలు తక్కువ.

బర్మా వైపు 1949 జనవరి ఆఖరున మొదలైన కరెన్ తిరుగుబాటు ఇంకా ఆరలేదు. నడిపింది కరెన్ నేషనల్ యూనియన్. నాయకత్వంలో ఎక్కువమంది క్రైస్తవులు. కందకాల్లో కూలినవాళ్ళలో ఎక్కువమంది బౌద్ధులు. ఆ మంట మీద కుండ ఎప్పుడు పొంగుతుందో తెలియనిదేమీ కాదు. సాల్వీన్‌లో మోయ్ కలిసే థూ మ్వే హ్‌తా సంగమం దగ్గర ఊ తుజానా అనే కరెన్ భిక్షువు చైత్యం కట్టాడు. దానికి తెల్లసున్నం వేయొద్దన్నారు యోధులు; తెల్లని చైత్యం బర్మా విమానాలకు గురి చూపిస్తుందట. సున్నం! ఒక జాతిని చీల్చడానికి ఒక్కోసారి ఒక తట్టెడు సున్నం చాలు. 1994 డిసెంబరులో బౌద్ధ సైనికులు విడిపోయి డెమోక్రటిక్ కరెన్ బుద్ధిస్ట్ ఆర్మీగా ఏర్పడ్డారు. వెంటనే బర్మా సైన్యంతో చేతులు కలిపారు. 1995 జనవరి 27న తిరుగుబాటు రాజధాని మానెర్‌ప్లా కూలింది. దారి చూపించింది తమ్ముళ్ళే. నీ పేరు జపించిన పెదవులే ఆ దారి చెప్పాయి మైత్రేయా. చైత్యాలు పెరిగిన కొద్దీ శాంతి పెరుగుతుందని భిక్షువు చెప్పాడు. చైత్యాలు పెరిగాయి.

తుపాకీ పట్టని దారి కూడా ఒకటి ఉందని చూపినవాడు తమన్య కొండ సయాడా (మఠాధిపతి), ఊ వినయ. కరెన్‌లకు దగ్గరి చుట్టాలైన పావో జాతివాడు. పా-ఆన్‌కు తూర్పున ఆయన కొండ చుట్టూ కొన్ని మైళ్ళ మేర మాంసం లేదు, ఆయుధం లేదు. సైన్యం మోతకూలీకి పట్టుకుపోతుందన్న భయంతో పారిపోయి వచ్చిన కుటుంబాలు ఆ కొండపాదంలో గుడిసెలు వేసుకున్నాయి. వచ్చిన ప్రతి మనిషికీ అన్నం పెట్టేవాళ్ళు, డబ్బు అడగకుండా, కులం గోత్రం అడగకుండా. అడవి బాటల్లో ప్రభుత్వం కొరడా పట్టుకుని వేయించిన రోడ్లు వానకు కొట్టుకుపోతుంటే, ఆయన మాటమీద జనం మొక్కుగా వేసిన రోడ్డు నిలిచింది. 1995లో గృహనిర్బంధం నుంచి బయటికి వచ్చిన ఆంగ్ సాన్ సూచీ రంగూన్ దాటి చేసిన మొదటి ప్రయాణం ఆయన దగ్గరికే. నువ్వు రాకపోయినా నీ రాజ్యం ఎలా ఉంటుందో ఆ కొన్ని మైళ్ళలో కనపడింది. 2003లో ఆయన పోయాడు. భక్తులు దేహాన్ని గాజుపెట్టెలో ఉంచారు. 2008 ఏప్రిల్‌లో ఒక రాత్రి సాయుధులు వచ్చి ఆ దేహాన్ని ఎత్తుకుపోయారు. ఒక శవానికి కూడా భయపడే ప్రభుత్వాలుంటాయి, శవాన్ని కూడా నమ్ముకునే జనం ఉంటారు.

క్రైస్తవ కరెన్‌లకూ ఈ ఆకలి తప్పలేదు. 1997లో మొదలై నాలుగేళ్ళు నడిచిన ‘దేవుడి సైన్యానికి’ నాయకులు జానీ, లూథర్ అనే కవల పిల్లలు. మొదట్లో పదేళ్ళు నిండని పసివాళ్ళు. చుట్ట కాలుస్తున్న ఆ పిల్లల ఫొటో లోకమంతా అచ్చయింది. 2001 జనవరిలో వాళ్ళు లొంగిపోయారు. పత్రికలు వింతగా రాశాయి. గూడేలు తగలబడుతుంటే పెద్దల మీద నమ్మకం పోయి పిల్లల కాళ్ళు పట్టుకున్న జనం సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

ఇప్పుడు బంగారు నగరం గురించి చెబుతాను, విను. నీ రాకకు ముందు బంగారు కోట వెలుస్తుందని వాళ్ళ నమ్మకం. వెలిసింది. మానెర్‌ప్లాకు దారి చూపిన ఆ బౌద్ధ సైన్యంలో ఎక్కువ భాగం 2010లో బర్మా సైన్యం కింద సరిహద్దు కాపలా దళంగా మారింది. ఆ దళం నీడలో 2017 నుంచి మోయ్ నది గట్టున ష్వే కొక్కో నగరం లేచింది. చైనా పెట్టుబడి, జూదశాలలు, రంగుల దీపాలు, వాటి వెనక ఇనుప తీగలు చుట్టిన మేడలు. ఉద్యోగమని నమ్మించి తెచ్చిన కుర్రవాళ్ళను ఆ గట్టు పొడవునా అటువంటి మేడల్లో కూర్చోబెట్టి ఫోన్లలో మోసాలు చేయిస్తారు; లెక్క తప్పితే కొడతారు. 2025 మార్చిలో భారత వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా మనవాళ్ళు అక్కడి నుంచి ఇల్లు చేరారు. వాళ్ళలో ఆంధ్రవాళ్ళు, తెలంగాణవాళ్ళు ఉన్నారు. ఒకప్పుడు రేవుకూలీలుగా రంగూన్ వెళ్ళి 1930 అల్లర్లలో దెబ్బలు తిన్న మన కోరంగివాళ్ళ తర్వాత, ఇంకో తరం తెలుగు పిల్లలు బర్మాలో చిక్కడం ఇలా జరిగింది. అరియా కోసం వేసిన దారిలో వచ్చింది ఈ మోసపు మేడలవాళ్ళన్నమాట!

కోపగించుకోకు మైత్రేయా. ఇన్ని మాటలన్నాక కూడా నేను నేరం మోపేది నీమీద కాదు, వాళ్ళ ఎదురుచూపు మీద అంతకంటే కాదు. ఆ ఎదురుచూపే వాళ్ళకు రాజ్యం లేని చోట చట్టమైంది, బడి లేని చోట లిపి అయింది, అన్నం లేని చోట అన్నసత్రమైంది. తప్పంతా వచ్చినవాళ్ళది. పుస్తకం తెచ్చామన్నవాళ్ళు ఇంటిని రెండు చేశారు, గొడుగు ఎత్తామన్నవాళ్ళు పిల్లల్ని కందకాల్లోకి దింపారు, శాంతి తెచ్చామన్నవాళ్ళు తమ్ముడి చేత అన్న ఇంటికి నిప్పు పెట్టించారు. నువ్వు ఇంకా ఆలస్యం చేసినా ఓర్చుకుంటారు. నీ పేరు చెప్పుకుని ముందుగా వచ్చేవాళ్ళను ఆపగలిగితే చాలు. దానికైనా నీకు చేతనవుతుందా?

పాఠకుడా, ఈసారి వార్తల్లో మ్యావడీ పట్టణం, మోయ్ నది అన్న పేర్లు వినపడితే జూదశాలల దగ్గరే ఆగిపోకు. మోయ్ నదికి అవతల, థాయ్ సరిహద్దు వెంట తొమ్మిది శరణార్థి శిబిరాలున్నాయి. అన్నిటికన్నా పెద్దది మేలా; 1984లో మొదలైంది. అక్కడ పుట్టినవాళ్ళకు ఇప్పుడు పిల్లలున్నారు. గట్టి గోడలు కట్టుకోనివ్వరు గనుక ఇళ్ళన్నీ వెదురూ ఆకులతోనే కడతారు, వానలకు పాడైతే మళ్ళీ అవే తెచ్చి కట్టుకుంటారు.